రోహిణి కార్తెలో బ్రహ్మరాక్షసి

గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అనే ఇద్దరు అమెరికన్లు 1974లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆటను అచ్చు వేయించిన నాటి నుంచి, పుస్తకంలోని నియమాలు చాలక సొంత నియమాలు కల్పించుకునే జబ్బు కూడా ఆ ఆట వెంటే లోకమంతా పాకింది. దానిని హోంబ్రూ అంటారు. హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ కొలువు చేస్తూ ఆదివారాలు నల్లగొండకు వచ్చే మా బావమరిది ఆ జబ్బును మా అత్తగారింటి డాబా మీదికి చేర్చాడు. కథ నడిపేది అతడు, వీరులం మేము, మా తలరాత రాసేది ఇరవై ముఖాల పాచిక.

ఈసారి అతడు కథాస్థలంగా పానగల్లు ఛాయా సోమేశ్వరాలయాన్ని ఎంచుకున్నాడు. లింగం వెనుక గోడ మీద పడే నీడ పొద్దు ఎటు తిరిగినా కదలకపోవడమే ఆ గుడి ప్రత్యేకత అని ఈ జిల్లాలో బడిపిల్లలకు కూడా తెలుసు. అయినా అతడు, గర్భగుడిలో నీడ ఉన్నంతసేపు లోపలివారిని బ్రహ్మరాక్షసి తాకలేదని మొదటి నియమం రాశాడు. రాక్షసి ప్రాంగణపు హద్దులు దాటరాదన్నది రెండవది. మూడవది మమ్మల్ని మాడ్చడానికే పుట్టింది: కాలం రోహిణి కార్తె కనుక, ఎండలో నీళ్లు లేకుండా గడిపిన గంటకొకసారి ప్రతి జీవికీ అలసట ఒక మెట్టు పెరుగుతుంది. 2014 నాటి అయిదవ కూర్పు ప్రకారం అలసటకు ఆరు మెట్లు ఉంటాయి, ఆరవది చావు.

ఈ కాగితాలు మా చిన్నమామగారి చేతిలో పడ్డాయి. రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందు చెట్టు కింద దస్తావేజులు రాస్తూ తల నెరిసిన ఆయన, పెండ్లి పత్రికను సైతం క్రయపత్రంలాగే చదువుతారు. వేలు తడి చేసుకుని, పంక్తి కింద గోరు ఆనించి, 'ప్రతి జీవికీ' అన్న చోట ఎర్ర పెన్నుతో చిన్న గీత గీశారు. ఆ గీతను మేమెవ్వరమూ పట్టించుకోలేదు.

ఆటలో పొద్దున తొమ్మిదింటికి యుద్ధం మొదలైంది. మెడికల్ షాపు నడిపే మా మిత్రుడు కత్తి దూసి ఉరికి, నూటికి అయిదుసార్లు మాత్రమే పడే ఒకటిని పడేసుకుని బోర్లా పడ్డాడు. తరువాతి వంతు చిన్నమామగారిది.

"నా విలుకాడు గర్భగుడిల కూసుంటడు."

"కూసుని ఏం చేస్తడు, చిన్నాయనా?"

"కూసుంటడు."

రౌండంటే ఆరు సెకన్లేనని, గంట గడవాలంటే ఆరు వందల రౌండ్లు ఆడాలని మా బావమరిది బెదిరించాడు. "నాకేం తొందర కొడుకా, మీ చిన్నమ్మ ఇంకా సర్వపిండి కాల్చనే లేదు" అని ఆయన గోడకు చేరగిలబడ్డారు. మేమందరమూ ఆయన వెనుకే గర్భగుడిలో సర్దుకున్నాము. ఎండలో మిగిలిన ప్రతి జీవి ఒక్క రాక్షసే.

అప్పటికి గాని మా బావమరిదికి విషయం తలకెక్కలేదు. మబ్బు పట్టిందన్నాడు, రోళ్లు పగిలే రోహిణి కార్తె అని నీవే రాశావని చిన్నమామగారు కాగితం చూపించారు. రాక్షసి పక్కనున్న ఉదయసముద్రానికి వెళ్లి నీళ్లు తాగి వస్తుందన్నాడు; హద్దులు అడ్డం వచ్చాయి. కనీసం మండపం కిందనైనా నిలబెడదామనుకుంటే, మమ్మల్ని హడలగొట్టడానికి దాని ఎత్తు తాటిచెట్టంత అని అతడే రాసుకున్నాడు. మధ్యాహ్నం మూడింటికి, ఒక్క బాణమైనా తగలకుండా, బ్రహ్మరాక్షసి వడదెబ్బతో చనిపోయింది. ఒక్క ఓఆర్ఎస్ ప్యాకెట్ పోసి ఉంటే బతికేదని మెడికల్ షాపు మిత్రుడు నొచ్చుకున్నాడు. రాత్రుళ్లు మేలుకుని దానికి కోరలు, గోళ్లు గీసిన మా బావమరిది మాత్రం మాటా పలుకూ లేకుండా పాచికలు సంచిలో వేసుకున్నాడు.

నిధి దగ్గర మళ్లీ పేచీ వచ్చింది. చంపినవారికే నిధి దక్కుతుందని, ఇక్కడ ఎవరూ చంపలేదని అతడు వాదించాడు. "చంపుడు సంగతి తర్వాత, కబ్జాల ఉన్నది మేము" అన్నారు చిన్నమామగారు. మరుసటి ఆదివారం అతడు కొత్త కాగితాలతో వచ్చి, పోయిన రాక్షసికి చెల్లెలు ఉన్నదని, నిధి దానిదేనని ప్రకటించాడు. చిన్నమామగారు కళ్లద్దాలు తుడుచుకుని, ఎర్ర పెన్ను మూత తీసి, వారసత్వ ధ్రువపత్రం ఏదని అడిగారు.