మేడమ్‌నే డ్రాఫ్ట్ రాసి పంపమనండి, సంతకం పెడతాను

మా స్టాటిస్టిక్స్ డిపార్ట్‌మెంట్‌లో రిటైరైన మేడమ్ ఒకరిని ఒక అకాడమీ ఫెలోషిప్‌కి నామినేట్ చేద్దామని రెండు నెలల కిందట మొదలుపెట్టాం. అప్పట్నుంచి మనసులో ఉన్న కోపం ఇక్కడ రాయకపోతే నాకు నిద్రపట్టేలా లేదు.

సిఫార్సు లేఖ కోసం ఒక పెద్ద ప్రొఫెసర్‌ గారికి ఫోన్ చేశాను. "దానిదేముందమ్మా, మేడమ్‌నే డ్రాఫ్ట్ రాసి పంపమనండి, సంతకం పెట్టి స్కాన్ చేసి పంపిస్తాను" అన్నారు. ఇంకొకాయనైతే మేడమ్ ఏం పని చేశారని అడగనే లేదు. హెచ్-ఇండెక్స్ (పేపర్లకు వచ్చిన సైటేషన్లని బట్టి కట్టే స్కోరు) ఎంత అని మాత్రం అడిగారు.

నలభై ఏళ్లు పాఠం చెప్పిన మనిషిని పట్టుకుని, "ఈమె అసాధారణ ప్రతిభాశాలి" అని తన గురించి తననే రాసుకోమంటామా? మేడమ్ ఒక సాయంత్రమంతా కూర్చుని మూడు లైన్లు రాసి, రెండు కొట్టేశారు. తన గురించి గొప్పగా రాసుకోగలవాళ్లకి ఈ పద్ధతిలో ఇబ్బందేమీ లేదు. మొహమాటస్తులు, జిల్లా కాలేజీల్లో పనిచేసేవాళ్లు, ముఖ్యంగా ఆడవాళ్లు ఇక్కడే వెనకబడిపోతున్నారు. నోబెల్‌కి ఎవరి పేరు వాళ్లు పంపుకునే వీల్లేదు. 1930లో సి.వి.రామన్ పేరు పంపినవాళ్లలో రూథర్‌ఫర్డ్, నీల్స్ బోర్ ఉన్నారు. పేరు పంపితే బహుమతి వస్తుందనేం లేదు, అణు విచ్ఛిత్తిని వివరించిన భౌతికశాస్త్రవేత్త లీజ్ మైట్నర్ పేరు నలభైకి పైగా సార్లు వెళ్లినా రాలేదు. కానీ ఆమె పని విలువ తెలిసినవాళ్లు పూనుకుని రాశారు కదా, నేనడిగేది అంతే.

ఇక హెచ్-ఇండెక్స్ సంగతి. 2005లో హిర్ష్ అనే భౌతికశాస్త్రవేత్త ప్రతిపాదించిన లెక్క అది. ఎన్ని పేపర్లకు కనీసం అన్నేసి సైటేషన్లు, అంటే వేరేవాళ్ల పేపర్లలో ప్రస్తావనలు, వచ్చాయో చెబుతుంది. ఆ పేపర్లో ఏముందో చెప్పదు. స్టాటిస్టిక్స్ శాస్త్రవేత్త సి.ఆర్.రావు గారినే తీసుకోండి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో లెక్కలు చదివి కలకత్తా వెళ్లిన ఆయన 1945లో ఒక పేపర్ రాశారు. డేటా నుంచి కట్టే అంచనా ఎంత కచ్చితంగా ఉండగలదో దానికి ఒక హద్దు చూపించారు. ముతక అంచనాని మెరుగుపరిచే దారి చెప్పారు. ఆ రెండూ ఇవాళ స్టాటిస్టిక్స్ చదివే ప్రతి పిల్లాడి సిలబస్‌లో ఉన్నాయి. ఆ పేపర్‌కి 2023లో, అంటే 78 ఏళ్ల తర్వాత, అంతర్జాతీయ స్టాటిస్టిక్స్ బహుమతి వచ్చింది. అప్పటికి ఆయన వయసు 102. నామినేషన్‌లో రాయాల్సింది ఇలాంటి మాట: ఈ పని లేకముందు మనకేం తెలీదు, వచ్చాక ఏం తెలిసింది.

మేడమ్‌ది పంట దిగుబడి అంచనాల పని. ఒక మండలంలో పంట కోత ప్రయోగాలు (పొలంలో చిన్న ముక్క కోసి దిగుబడి తూచడం) నాలుగైదే జరిగితే, ఆ సగటుని నమ్మి రైతుకి బీమా లెక్క కట్టడం అన్యాయం. పక్క మండలాల దిగుబడినీ, వానల లెక్కనీ కలుపుకుని ఆ అంచనాని నిలబెట్టే పద్ధతి మీద ఆమె ఇరవై ఏళ్లు పనిచేశారు. 34 పేజీల సీవీలో ఈ ముక్క ఎక్కడా లేదు! సెమినార్లు, కమిటీలు, సర్టిఫికెట్లు మాత్రం వరసగా ఉన్నాయి.

చివరికి సీవీ పక్కన పెట్టి, నేనూ ఇంకో కొలీగూ ఆమె పేపర్లు పది తీసుకుని చదివాం. మూడు వారాలు పట్టింది. రాసింది ఒకటిన్నర పేజీ. సంతకం పెడతానన్న ప్రొఫెసర్‌ గారికి డ్రాఫ్ట్ పంపలేదు, ఆ పది పేపర్లే పంపాను. జవాబు ఇంకా రాలేదు. గడువు వచ్చే శుక్రవారం.

నిన్న మా డ్రాఫ్ట్ మేడమ్‌కి చూపించాను. చాలాసేపు చదివి, కళ్లజోడు తీసి, "ఆ పాత పేపర్ నిజంగా చదివావా అమ్మా?" అన్నారు.

"చదివాను మేడమ్. నాలుగో సెక్షన్‌లో నాకో సందేహం కూడా ఉంది" అన్నాను. వెంటనే కాగితం, పెన్ను తెచ్చుకుని కూర్చున్నారు.