లారీ ఎక్కని పువ్వే మనకు దిక్కు

నెల్లూరు పెళ్లి మండపాలకు గులాబీలు, జెర్బెరాలు బెంగళూరు వైపు నుంచి దిగుతున్నాయి, ఆ డబ్బు ఇక్కడే ఉండాలంటే పాలీహౌస్‌లు, అంటే ఇనుప చట్రానికి ప్లాస్టిక్ షీటు కప్పిన పందిళ్లు, వేయాలి అన్న మాట చాన్నాళ్లుగా వింటున్నదే. ఆ వాదనే తలకిందులుగా ఉందని నేనంటాను.

మా మేనకోడలు కావలి పిల్ల. ఇప్పుడు అమెరికాలో, మిన్నెసోటాలో ఉంటోంది. ఏడాదిగా డాలియాలు, అంటే దుంప నుంచి మొలిచే రేకుల పూలు, పెంచి అమ్ముతోంది. అక్కడ మే సగం దాటితేగానీ దుంప నాటడానికి లేదు. పూత ఆగస్టులో. అక్టోబరులో ఒక్క రాత్రి మంచు గట్టిగా పడితే చాలు, తెల్లారేసరికి మొక్క ఉడికించిన తోటకూరలా నల్లబడి వాలిపోతుంది. అప్పుడు దుంపలు తవ్వి, ముక్కకో మొలక కన్ను ఉండేలా కోసి, రంపపు పొట్టులో పెట్టి, చలికాలమంతా ఇంటి కింది గదిలో దాచాలి. కన్ను లేని ముక్క ఎంత లావున్నా మొలవదు. ఇంతా చేసి పూలు చేతికొచ్చేది రెండు నెలలు.

"గిట్టుబాటవుతుందా అమ్మాయ్?" అంటే, "బయటి నుంచి ఎవరూ తేలేరు కాబట్టి అవుతోంది మామా" అంది.

విషయమంతా అక్కడే ఉంది. డాలియాను మొగ్గగా కోస్తే విచ్చుకోదు. విచ్చాక కోస్తే నాలుగైదు రోజులకు మించి నిలవదు, పెట్టెలో కుక్కితే రేకులు నలుగుతాయి. కొలంబియా, ఈక్వడార్ నుంచి గులాబీలు విమానమెక్కి అమెరికాలో దిగుతాయి. డాలియాకు ఆ ప్రయాణం పడదు. కావాలంటే ఆ ఊరి రైతు దగ్గరే కొనాలి.

మనకు అలాంటి పువ్వు మల్లె. తెల్లవారుజామున మొగ్గ కోస్తే సాయంత్రానికి విచ్చుకుంటుంది, మర్నాటికి కమిలిపోతుంది. ఎండ ముదిరేకొద్దీ విరగబూస్తుంది. గులాబీకి చల్లదనం డబ్బు పోసి కొనాలి. మల్లెకు మన ఎండే చాలు.

బొకే పూలకు రేటుంది, పాలీహౌస్‌కు సబ్సిడీ ఉంది, నిజమే. కానీ మేలో 40 డిగ్రీలు దాటే చోట లోపల చల్లబరచడానికి కరెంటు బిల్లు ఎవరు కడతారు? చలి పంటలకు అదను అక్టోబరు తర్వాతే. మనకు పెద్ద వానలు, వాయుగుండాలు సరిగ్గా అప్పుడే. ఆ గాలికి షీటు చిరిగితే మళ్లీ ఎవరు వేయిస్తారు? డాలియా దుంపయితే ఆ తడికి కుళ్లే పోతుంది. కుండీలో ముచ్చటకు పెంచుకోండి, కాదనను.

అసలు మన పథకాలన్నీ ఇంతే. చదరపు మీటరుకు లెక్క కడతాయి, మూరకు కట్టవు. ఇనుప పందిరి ఫొటోలో పడుతుంది. చీకటితో లేచి మొగ్గలు కోసే ఆడకూలీ పడదు, అరుగు మీద కూర్చుని అటు రెండు ఇటు రెండు మొగ్గలు పెట్టి ముడివేసే ఆవిడ అసలే పడదు. మల్లె ధరలో సగం కష్టం వాళ్లదే. మార్కెట్లో ఒక చల్లటి గది, పూలు కట్టేవాళ్లకు నీడ, మూఢంలో ధర పడిపోతే కాస్త ఆసరా. వీటికి పాలీహౌస్ అంత ఖర్చేం కాదు.

మొన్న మూఢంలో మా వీధి చివర పూలావిడ గంపలో రాత్రి తొమ్మిదికి ఇంకా అయిదారు మూరలున్నాయి. తడిగుడ్డ ఎత్తి చూపించింది, అంచులు అప్పటికే ఎర్రబడ్డాయి. ఒక మూర అడిగితే మూడు కొలిచి ఆకులో చుట్టింది. "ఒకదానికే డబ్బులియ్యన్నా, రేపు వీటిని ఎవరు కొంటారు" అంది.