ఒక్క మీటరు, మూడు పోర్షన్లు

హైదరాబాద్‌లో అద్దెకుండేవాళ్లలో నాలాంటి చాలామందికి కరెంటు బిల్లంటే ఓనరు నోటితో చెప్పిన అంకె, అంతే. మా బిల్డింగులో మూడు పోర్షన్లకి కలిపి ఒకటే మెయిన్ మీటరు, లోపల సబ్ మీటర్లు, ఎవరెంత వాడినా యూనిట్‌కి పది రూపాయలు. అసలు తెలంగాణలో ఇళ్లకి ఆ రేటు పడేది నెలకి 800 యూనిట్లు దాటిన తర్వాతే కదా! మాకున్నది రెండు ఫ్యాన్లు, లైట్లు, ఫ్రిజ్, టీవీ. 120 యూనిట్లు దాటిన నెల లేదు. విడిగా మీటరుంటే, వంద దాటిన నెలలో కూడా మొదటి వందకి యూనిట్ 3.40, ఆ పైన 4.80. అదీ కాదు, 2024 మార్చి నుంచి గృహజ్యోతి అనే ప్రభుత్వ పథకం కింద 200 యూనిట్లలోపు వాడే అర్హులకి జీరో బిల్లు వస్తోంది, అద్దెకున్నవాళ్లకీ వర్తిస్తుంది, మాకు రేషన్ కార్డు ఉంది, అయినా రాదు, ఎందుకంటే మీటరు మాది కాదు, ముగ్గురి వాడకం కలిస్తే 200 ఎప్పుడో దాటిపోతుంది.

కింద పోర్షన్‌లో రాత్రంతా ఏసీ నడుస్తుంది. ఈ ఎండల్లో వాళ్లని తప్పుపట్టను. కానీ ఆ యూనిట్లతో పెరిగిన శ్లాబు భారం, డాబా వేడికి తడిగుడ్డ కప్పుకుని పడుకునే మా అమ్మ మీద ఎందుకు పడాలి?

విడిగా మీటరు పెట్టించమంటే "నచ్చకపోతే ఖాళీ చెయ్యండి" అంటారు. కనీసం ఆ మెయిన్ బిల్లు కాగితం చూపించండి సార్, మా వాటా ఎంతో లెక్కగట్టి అదే రోజు కడతాం.