కుదరని కప్లర్

ఎలక్ట్రిక్ సైకిల్‌కి, చిన్న స్కూటీకి కొత్త హబ్ మోటారు (చక్రం నడుమనే ఇమిడి ఉండే మోటారు) తెప్పించుకోవడం ఇప్పుడు కష్టం కాదు. వాట్లు, వోల్టులు, రిమ్ము కొలత చెబితే పార్సిల్‌లో ఇంటికొస్తుంది. చక్రం ఫోర్కులో ఇమిడిపోతుంది కూడా. చిక్కంతా ఆ తర్వాతే. మోటారు వైరు చివర తీగలను కలిపే తొమ్మిది పిన్నుల గుండ్రటి కప్లర్ ఉంటే, బ్యాటరీ కరెంటును మోటారుకు అదుపుగా పంపే కంట్రోలర్ వైపు మూడు బుల్లెట్ పిన్నులు, పక్కన ఆరు పిన్నుల తెల్ల ప్లాస్టిక్ కప్లర్ ఉంటాయి. ఒక్కోసారి రెండూ గుండ్రటివే అయినా ఒకటి జెడ్910 అనే సన్న రకం, రెండోది ఎల్1019 అనే లావు రకం. అమలాపురంలోనో భీమవరంలోనో షెడ్డుకు తీసుకెళ్తే కత్తెర బయటికొస్తుంది. రంగుకు రంగు మెలిపెట్టి నల్ల టేపు చుట్టేస్తారు. నాలుగు వానలు పడగానే బండి మళ్లీ అదే షెడ్డులో ఉంటుంది. ఈసారి మోటారుతో పాటు కంట్రోలర్ కూడా పోయి ఉంటుంది.

తప్పంతా మెకానిక్ నెత్తిన రుద్దడం తేలిక. ఏ పిన్ను దేనికో మోటారు మీద రాసి ఉండదు, పెట్టెలో కాగితం ఉండదు. చీకట్లో పని చేయమని, తప్పు జరిగితే అతన్నే అనడం న్యాయం కాదు. తేలికపాటి వాహనాల ఛార్జింగ్ కప్లర్‌కు భారత ప్రమాణాల సంస్థ 2023లో ఐఎస్ 17017 (పార్ట్ 2, సెక్షన్ 7) ప్రమాణం తెచ్చింది. బ్యాటరీల భద్రతకు ఏఐఎస్ 156 ఉంది, దాన్ని 2022 డిసెంబరు నుంచి మరింత బిగించారు. మోటారుకు, కంట్రోలర్‌కు నడుమ ఉన్న జానెడు వైరు దగ్గరికొచ్చేసరికి మాత్రం ఎవరి ఇష్టం వారిదే.

ఆ వైరులో ఉండేవి మొత్తం ఎనిమిదో తొమ్మిదో తీగలు. పసుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్లో మూడు లావు ఫేజు తీగలు. చక్రాన్ని తిప్పే కరెంటు వీటిలోనే వెళ్తుంది. సన్నవి ఐదు: ఎరుపు, నలుపు హాల్ సెన్సర్లకు (మోటారు లోపలి అయస్కాంతాలను పసిగట్టేవి) 5 వోల్టుల సరఫరా, సన్న పసుపు, ఆకుపచ్చ, నీలం రోటరు (మోటారులో తిరిగే భాగం) ఎక్కడుందో కంట్రోలర్‌కు చెప్పే సంకేతాలు. తెల్ల తీగ ఉంటే అది వేగం కొలిచేదో, వేడి కొలిచేదో అయి ఉంటుంది. కంట్రోలర్‌లో దానికి జోడీ లేకపోతే చివర స్లీవు తొడిగి వదిలేయవచ్చు. అయితే వేగాన్ని దాని నుంచే తీసుకునే డిస్‌ప్లే సున్నా దగ్గరే నిలిచిపోతుంది, కొన్ని ఎర్రర్ కోడ్ చూపి బండినే ఆపేస్తాయి.

రంగులు కలిసినంత మాత్రాన తీగలు కలిసినట్టు కాదు. ఇద్దరు తయారీదారుల పసుపు ఒకటే అవాలని ఎక్కడా లేదు. అన్నిటికన్నా ముందు కంట్రోలర్ వైపు హాల్ కప్లర్‌లో ఏ రెండు పిన్నుల మధ్య 5 వోల్టులు వస్తున్నాయో మల్టీమీటర్‌తో తేల్చుకోవాలి. ఎరుపు, నలుపు తారుమారయ్యాయో, సెన్సర్లు క్షణంలో పోతాయి. అవి కుదిరాక ఫేజులను ఒకదానికొకటి తగలకుండా విడిగా ఉంచి, హాల్ తీగలు మాత్రం కలిపి కంట్రోలర్ ఆన్ చేయాలి. మీటర్ నల్ల ముల్లును నల్ల తీగకు ఆనించి, ఎర్ర ముల్లును ఒక్కో సంకేతపు తీగ మీద పెట్టి చక్రాన్ని నిదానంగా తిప్పితే రీడింగు సున్నాకూ ఐదుకూ మధ్య మారుతుండాలి. గేర్లున్న హబ్బును వెనక్కి తిప్పాలి. ముందుకు తిప్పితే లోపలి క్లచ్ వదిలేస్తుంది, రోటరు కదలదు. కంట్రోలర్‌కు కలపకుండా విడిగా 5 వోల్టులిచ్చి కొలిస్తే చాలా సెన్సర్లు ఏమీ చూపవు. సంకేతాన్ని పైకి లాగే రెసిస్టర్ కంట్రోలర్‌లో ఉండటమే కారణం. ఇది తెలియక బాగున్న మోటారును వెనక్కి పంపేస్తున్నవారున్నారు.

ఫేజుల పరీక్షకు మీటర్ కూడా అక్కర్లేదు. మోటారు వైపు ఏ రెండు లావు తీగలను కలిపి పట్టుకున్నా చక్రం బరువుగా, కుదుపులతో తిరగాలి. మూడు జతల్లోనూ బరువు ఒకేలా ఉండాలి. తీగలన్నీ విడిగా ఉన్నా బరువుగానే ఉంటే చుట్టలో షార్టు ఉన్నట్టు. మోటారు విడిగా హాయిగా తిరిగి, కంట్రోలర్‌కు తగిలించగానే బిగుసుకుంటే పోయింది మోటారు కాదు, కంట్రోలర్‌లో ఫేజులకు కరెంటు వదిలే స్విచ్ లాంటి భాగం, మాస్‌ఫెట్. కొత్త మోటారు కొనకముందే చేయాల్సిన పరీక్ష ఇది. పాత మోటారు మీద రెండు నిమిషాలు వెచ్చిస్తే వేలు మిగిలే సందర్భాలున్నాయి.

ఇక జత కుదర్చడం. మూడు ఫేజులను, మూడు హాల్ సంకేతాలను కలపడానికి 36 మార్గాలున్నాయి. అందులో చక్కగా నడిచేవి ఆరే. మూడు ముందుకు, మూడు వెనక్కి. ముప్పై ఆరూ చూడనక్కర్లేదు. హాల్ తీగలను కదపకుండా ఫేజులను ఆరు రకాలుగా మారిస్తే చాలు, ఒకటి తప్పక కుదురుతుంది. బండిని స్టాండు మీద పెట్టి, చక్రం గాలిలో ఉండగా, యాక్సిలరేటర్‌ను కొద్దిగానే తిప్పాలి. ప్రతి మార్పుకు ముందు బ్యాటరీ తీసి, స్విచ్ ఆన్ చేసి కెపాసిటర్లలో మిగిలిన కరెంటు దిగేదాకా ఆగాలి. మోటారు మూలిగినా, కొట్టుకున్నా, వెంటనే వేడెక్కినా తప్పు జత. తప్పు జతలో కూడా చక్రం తిరగవచ్చు, మోసపోయేది అక్కడే. బ్యాటరీ తీగలో ఆంపియర్లు కొలవాలి. 250 వాట్ల మోటారు ఖాళీగా తిరిగేటప్పుడు ఒకటి, ఒకటిన్నర దాటితే అనుమానించాలి. సాఫీగానే తిరుగుతూ వెనక్కి పోతుంటే రెండు హాల్ సంకేతాలను తారుమారు చేసి, ఫేజుల ఆరు జతలూ మళ్లీ చూడాలి. సెల్ఫ్ లెర్నింగ్ కంట్రోలరైతే ఇంత శ్రమ ఉండదు. అందుకోసం విడిగా ఇచ్చిన రెండు తీగలు (చాలావాటిలో తెల్లవి) కలిపితే చక్రం తిరిగి అదే నేర్చుకుంటుంది. వెనక్కి తిరిగితే ఒకసారి విడదీసి మళ్లీ కలపాలి. నేర్చుకోవడం అయ్యాక ఆ తీగలను విప్పి ఉంచాలి.

జాయింటు విషయంలో గోదావరి జిల్లాలకు వేరే జాగ్రత్త కావాలి. ఇక్కడ బండ్లు తిరిగేది రొయ్యల చెరువు గట్ల మీద, కాలవ గట్ల మీద. సఖినేటిపల్లి నుంచి నరసాపురానికి పంటు మీద వశిష్ట దాటుతాయి. వరద రోజుల్లో లంకల కాజ్‌వేల మీద నీళ్లు హబ్బును ముంచుతాయి. అంతర్వేది, ఓడలరేవు వైపు గాలిలోనే ఉప్పుంటుంది. మెలిపెట్టిన రాగి తీగకు ఇక్కడ చిలుము పట్టడానికి ఎన్నాళ్లో పట్టదు. చిలుము పట్టిన ఫేజు వేడెక్కుతుంది, ప్లాస్టిక్ కరుగుతుంది, 48 వోల్టుల ఫేజు పక్కనున్న 5 వోల్టుల హాల్ తీగకు తగులుతుంది. తొమ్మిది పిన్నుల కప్లర్‌లోకి ఉప్పునీరు చేరినా జరిగేది ఇదే. మోటారుతో పాటు కంట్రోలర్ ఎందుకు పోయిందో ఇప్పుడు అర్థం కావాలి.

కాబట్టి టేపు వద్దు. ఫేజుకు 2.5 చదరపు మిల్లీమీటర్ల తగరపు పూత తీగ, 4 మిల్లీమీటర్ల బుల్లెట్ పిన్ను, సరైన క్రింపింగ్ పట్టకారు, లోపల జిగురున్న హీట్ ష్రింక్ స్లీవు వాడాలి. సోల్డర్ చేస్తే తీగ అక్కడ కర్రలా బిగుసుకుని, కుదుపులకు అంచు దగ్గర తెగుతుంది. జాయింట్లన్నీ ఒకేచోట కాకుండా రెండేసి సెంటీమీటర్ల ఎడంతో రావాలి. అన్నిటికన్నా మేలైన దారి మోటారు వైరును అసలు కత్తిరించకపోవడం. మోటారు కప్లర్‌కు సరిపడే ఎక్స్‌టెన్షన్ వైరు కొని, దాన్ని కత్తిరించి కంట్రోలర్ కప్లర్‌కు జత చేస్తే వారంటీ నిలుస్తుంది, పొరపాటు జరిగినా పోయేది ఎక్స్‌టెన్షన్ వైరే. గుండ్రటి కప్లర్ మీది బాణం గుర్తులు ఎదురెదురుగా పెట్టి తిన్నగా నెట్టాలి. మెలితిప్పితే సన్న పిన్ను వంగిపోతుంది. పనంతా అయ్యాక నట్టు, వాషర్లు వైరులోకి ఎక్కించడం మరిచామని గుర్తొచ్చి మళ్లీ విప్పడం షెడ్లలో తరచూ కనిపించే దృశ్యం. లావు కప్లర్ నట్టులోంచి దూరదు.

యాక్సిల్ సంగతి తక్కువదేం కాదు. సైకిల్ హబ్బులకు 12 మిల్లీమీటర్ల యాక్సిల్, చదును చేసిన చోట 10 ఉంటుంది. ముందు ఫోర్కు వెడల్పు 100, వెనక 135 మిల్లీమీటర్లు. టార్క్ ఆర్మ్ (యాక్సిల్ తిరగకుండా ఫ్రేముకు పట్టి ఉంచే లోహపు పట్టీ) లేకుండా బిగిస్తే యాక్సిల్ గిర్రున తిరిగి వైరును మొదలంటా తెంపేస్తుంది. అల్యూమినియం ఫోర్కులో ఈ ప్రమాదం ఎక్కువ. వైరు యాక్సిల్ నుంచి ముందు కిందికి వంగి ఆ తర్వాతే పైకి వెళ్లాలి, లేకపోతే వాననీరు వైరు వెంబడి నేరుగా మోటారులోకి దిగుతుంది.

ఇంత పనిని కత్తెరకు, ఊహకు వదిలేయడం పద్ధతి కాదు. పావు కిలోవాట్ లోపు శక్తి, గంటకు 25 కిలోమీటర్ల లోపు వేగం, బ్యాటరీ కాక 60 కిలోల లోపు బరువుంటే ఈ బండ్లకు రిజిస్ట్రేషన్ అక్కర్లేదని కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి. (పాతది పోయిందని 500 వాట్ల మోటారు అంటగట్టే దుకాణదారు ఈ మినహాయింపును పోగొడుతున్నట్టు కొనేవారికి చెప్పడు.) అయితే ఆ మినహాయింపు దక్కాలన్నా ఏఆర్ఏఐ, ఐక్యాట్ వంటి వాహన పరీక్షా సంస్థల పరీక్ష నెగ్గాలి. పట్టు అక్కడే ఉంది. పిన్నుల పటం, తీగల రంగులు, హాల్ వోల్టేజీ ఇవ్వని వాహనానికి ధ్రువపత్రం ఇవ్వకూడదు. కేంద్ర వినియోగదారుల శాఖ 2022 డిసెంబరులో తెరిచిన మరమ్మతు హక్కు పోర్టల్ పరిధిలో వాహనాలూ ఉన్నాయి. ఎలక్ట్రిక్ ద్విచక్ర వాహనాల వైరింగ్ పటాలు మొత్తం అందులోకి రావాలి, తెలుగులోనూ రావాలి. ఛార్జింగ్ కప్లర్‌కు చేసిన పనిని ప్రమాణాల సంస్థ మోటారు కప్లర్‌కూ చేయాలి. డిజైన్ రహస్యం బయటపడుతుందన్న కంపెనీల వాదన చెల్లదు. ఐదు తీగలు ఎటు వెళ్తాయో చెబితే బయటపడే రహస్యమేమీ లేదు.

ప్రమాణం వచ్చేదాకా రాష్ట్రం చేయగలిగింది ఒకటుంది. డెల్టాలోని ఐటీఐలలో ఒక్కో క్రింపింగ్ పట్టకారు, మల్టీమీటర్, రెండు మూడు రకాల పాత హబ్బులు పెట్టి, ఊళ్లలో షెడ్లు నడుపుతున్నవారికి రెండు రోజుల శిక్షణ ఇవ్వాలి. గోదావరికి వరదొచ్చేది జూలై, ఆగస్టుల్లో. ఆ శిక్షణ మే నెలలోనే అయిపోవాలి.