కరెంటు బిల్లు ఎన్నేళ్లు దాచాలి? రెండేళ్ల లెక్క ఎందుకు చాలదు

ఇంట్లో కరెంటు బిల్లులు, పన్ను రసీదులు ఎంతకాలం ఉంచాలని అడిగితే చదువుకున్నవారు సాధారణంగా చెప్పే జవాబు రెండేళ్లు, మహా అయితే మూడేళ్లు. ఈ జవాబుకు చట్టంలో ఆధారం లేకపోలేదు. విద్యుత్ చట్టం–2003లోని 56(2) సెక్షన్ ప్రకారం, ఒక మొత్తం మొదట చెల్లించవలసిన తేదీ నుంచి రెండేళ్లు దాటాక, దాన్ని ఎడతెగకుండా బకాయిగా బిల్లులో చూపిస్తూ వచ్చి ఉంటే తప్ప, పంపిణీ సంస్థ వసూలు చేయకూడదు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం కూడా వినియోగదారుల కమిషన్‌కు ఫిర్యాదు చేసుకోవడానికి వివాదం తలెత్తిన నాటి నుంచి రెండేళ్ల గడువే ఇచ్చింది. ఈ రెండింటి వల్ల, రెండేళ్లు దాటిన బిల్లు చిత్తు కాగితంతో సమానమన్న నమ్మకం స్థిరపడిపోయింది. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని సామాన్య కుటుంబాలకు ఈ నమ్మకం నష్టమే చేస్తుంది.

ముందుగా 56(2) సెక్షన్‌నే చూద్దాం. అజ్మీర్ పంపిణీ సంస్థకు, ఒక వినియోగదారుడికి మధ్య నడిచిన వ్యాజ్యంలో 2020 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఈ సెక్షన్ అర్థాన్ని బాగా కుదించింది. 2009 జులై నుంచి 2011 సెప్టెంబరు వరకు తప్పు టారిఫ్ కింద బిల్లు వేశామని ఆడిట్‌లో తేలడంతో, సంస్థ 2014 మార్చిలో అదనపు బిల్లు పంపింది. రెండేళ్లు దాటిపోయాయి కాబట్టి ఆ బకాయి కోసం కనెక్షన్ తీసేయడానికి వీల్లేదని కోర్టు చెప్పింది. అయితే పొరపాటు బయటపడిన నాటి నుంచే వసూలు గడువు లెక్క మొదలవుతుందని, అదనపు బిల్లు వేయడానికి, చట్టంలోని ఇతర మార్గాల్లో వసూలు చేసుకోవడానికి సంస్థకు ఆటంకం లేదని కూడా అదే తీర్పులో ఉంది. 2023 మేలో వచ్చిన మరో తీర్పు, నిబంధనలు అనుమతిస్తే పాత యజమాని బకాయిని కొత్త యజమాని నుంచి కోరవచ్చని, రెండేళ్ల పరిమితి సివిల్ దావాకు అడ్డు రాదని తేల్చింది. సంస్థ తన పొరపాటును ఎప్పుడు కనుగొంటే అప్పుడు పాత లెక్క తెరుచుకోగలదు. వినియోగదారుడు మాత్రం ఆ లెక్కకు జవాబిచ్చే కాగితాన్ని రెండేళ్లకే పారేసి కూర్చుంటాడు. అసలు చిక్కు ఇక్కడే ఉంది.

ఈ చిక్కు మన ప్రాంతంలో మరింత బిగుస్తుంది, ఎందుకంటే ఇక్కడ తాళం వేసిన ఇళ్లు ఎక్కువ. సోంపేట, కవిటి, ఇచ్ఛాపురం వైపు నుంచి హైదరాబాదుకో చెన్నైకో పనులకు వెళ్లినవారు, వేటకు గుజరాత్‌లోని వెరావల్ దాకా పోయి నెలల తరబడి తిరిగిరాని తీరప్రాంత మత్స్యకారులు, ఊళ్లో ఇంటిని ముసలివాళ్ల మీదో తాళం మీదో వదిలి వెళతారు. రీడింగ్ తీసేవాడు వచ్చిన రోజున తలుపు తెరిచి లేకపోతే ‘డోర్ లాక్’ అని రాసి, పాత సగటుతోనో కనీస మొత్తంతోనో బిల్లు కొడతాడు. కొన్ని నెలల తర్వాత అసలు రీడింగ్ దొరికినప్పుడు యూనిట్లన్నీ ఒక్కసారిగా వచ్చి పడతాయి. వాటిని ఏ నెలలకు ఎలా పంచారన్నదాని మీదే బిల్లు ఆధారపడుతుంది. 2022 ఏప్రిల్ నుంచి రాష్ట్రంలో అమలైన గృహ శ్లాబుల ప్రకారం మొదటి 30 యూనిట్లకు 1.90, 75 వరకు 3.00, 125 వరకు 4.50, 225 వరకు 6.00 రూపాయల చొప్పున పడుతుంది. స్థిర ఛార్జీలు, సుంకాలు పక్కన పెడితే, నెలకు 100 యూనిట్లు వాడిన ఇంటికి రెండు నెలలకు అయ్యేది 609 రూపాయలు. ఆ 200 యూనిట్లనూ ఒకే నెల వాడకంగా లెక్కిస్తే 867 రూపాయలవుతుంది. ఒక్క యూనిట్ కూడా అదనంగా వాడకుండానే 258 రూపాయలు తేడా వస్తుంది. న్యాయంగా అయితే ఆ యూనిట్లను రెండు నెలలకు పంచి లెక్కగట్టాలి. అలా పంచలేదని చెప్పాలంటే, ఆఖరి నికరమైన రీడింగ్ ఏ తేదీన ఎంత ఉందో చూపించే బిల్లు చేతిలో ఉండాలి. విద్యుత్ వినియోగదారుల హక్కుల నియమాలు–2020 ప్రకారం ఒక ఆర్థిక సంవత్సరంలో అసలు రీడింగ్ లేకుండా వేసే తాత్కాలిక బిల్లులు రెండుకు మించి ఇవ్వకూడదు. మూడోది ఇచ్చారని రుజువు చేయాలన్నా మొదటి రెండూ కావలసిందే.

ఇంధనం, విద్యుత్ కొనుగోలు ఖర్చులో వచ్చిన తేడాను తర్వాత వసూలు చేసే ఇంధన సర్దుబాటు ఛార్జీలది ఇంకో రకం ఇబ్బంది. 2022–23లో వాడిన విద్యుత్తుకు సంబంధించిన సర్దుబాటు భారం 2024 డిసెంబరు నుంచి బిల్లుల్లో కలవడం మొదలైంది. రెండేళ్ల కిందటి వాడకం మీద ఇప్పుడు రుసుము వేస్తే, ఆ నెల నిజంగా ఎన్ని యూనిట్లు కాలాయో సరిచూసుకోవడానికి పాత బిల్లు తప్ప ఇంట్లో వేరే ఆధారం ఉండదు. అద్దె ఇళ్లలో ఇది ఇంటి యజమానికి, అద్దెదారుకు మధ్య తగాదాగా మారుతోంది. నిన్న దిగినవాడు మొన్న ఖాళీ చేసినవాడి వాడకానికి డబ్బు కడుతున్నాడు. అద్దెకు దిగే రోజున మీటర్ రీడింగ్ రాసుకుని ఇద్దరూ సంతకాలు చేసిన చీటీ ఒకటి ఉంటే, కనీసం ఎవరి వాడకం ఎంతన్నది మాటల మీద వదిలేయనక్కరలేదు.

బిల్లు విలువ అందులోని రూపాయలకే పరిమితం కాదన్న సంగతి 2019లో సంక్షేమ పథకాల లబ్ధిదారులను గుర్తించడానికి రాష్ట్ర ప్రభుత్వం చేసిన నవశకం సర్వే తర్వాత చాలామందికి తెలిసివచ్చింది. నెలకు 300 యూనిట్ల వాడకం ఆ పథకాల అర్హతకు హద్దయింది. ఒకరి ఆధార్ మరొకరి సర్వీసు నంబరుకు ముడిపడి, మూడు బల్బులు, ఒక ఫ్యాను ఉన్న ఇల్లు రికార్డులో పెద్ద వాడకందారుగా కనిపించిన ఉదంతాలు రాష్ట్రమంతటా వార్తల్లోకి ఎక్కాయి. అలాంటి చోట పింఛను నిలబెట్టుకోవడానికి గ్రామ సచివాలయంలో చూపించవలసినది తమ అసలు సర్వీసు బిల్లులనే. డెబ్బై ఏళ్ల అవ్వను పట్టుకుని ఆరు నెలల బిల్లులు తెమ్మనడం సబబేనా అన్నది వేరే ప్రశ్న. నా దృష్టిలో ముమ్మాటికీ కాదు.

ఇక దాచడం ఎలా? పాత ఇళ్లలో కాగితాలను వంచిన ఇనుప తీగకు గుచ్చి గోడకు వేలాడదీసే అలవాటు ఉండేది. ఆనాటి కాగితం దానికి తట్టుకునేది. ఇప్పుడు చేతి యంత్రాలు ఇచ్చే బిల్లులు చాలావరకు థర్మల్ కాగితం మీద వస్తున్నాయి. అందులో సిరా ఉండదు, కాగితం పూతలోని రసాయనం వేడికి నల్లబడి అక్షరంగా కనిపిస్తుంది. ఎండకు, వేడికి, ప్లాస్టిక్ కవర్లలోని రసాయనాలకు ఆ అక్షరం కొద్ది నెలల్లోనే వెలిసిపోవచ్చు. భద్రంగా ఉంటుందని లామినేషన్ చేయిస్తే ఆ వేడికి కాగితమంతా నల్లబడుతుంది. కాబట్టి బిల్లు అందిన రోజునే ఫొటో తీయడం, ముఖ్యమైనవాటికి జిరాక్స్ తీయించి పెట్టుకోవడం తప్పనిసరి. హుద్‌హుద్, తిత్లీ తుపాన్లను చూసిన జిల్లాలకు ఇంకో సంగతి చెప్పనక్కరలేదు. 2018 అక్టోబరు 11న తిత్లీ ఉద్దానాన్ని దులిపేసినప్పుడు ఇళ్ల కప్పులతో పాటు ట్రంకు పెట్టెల్లోని కాగితాలూ తడిసిపోయాయి. కాగితం, దాని ఫొటో ఒకే ఇంట్లో ఉంటే రెండూ ఒకే రోజున పోతాయి. ఊరు దాటి ఉన్న కొడుకు ఫోనులోనో కూతురి మెయిల్‌లోనో ఒక ప్రతి ఉండాలి.

ఫొటో ఉంది కదా అని అసలు కాగితాన్ని పారేయడాన్ని మాత్రం నేను సమర్థించను. 2024 జులై 1 నుంచి అమలైన భారతీయ సాక్ష్య అధినియం ఎలక్ట్రానిక్ రికార్డును సాక్ష్యంగా అంగీకరిస్తుంది గానీ, దానికి నిర్ణీత ధ్రువపత్రం జతచేయాలంటుంది. విద్యుత్ వినియోగదారుల ఫిర్యాదులు వినే ఫోరం ముందు అంత పట్టింపు లేకపోయినా, కోర్టు దాకా వెళితే ఆ తేడా కనిపిస్తుంది. పైగా ఫోనులో కనిపించే ‘చెల్లింపు విజయవంతం’ అన్న మాట బ్యాంకు ఖాతా నుంచి డబ్బు వెళ్లిందని చెబుతుందే తప్ప, మన సర్వీసు నంబరుకు జమ అయిందని చెప్పదు. ఆ జమను చూపించేది బకాయి సున్నాగా ఉన్న మరుసటి నెల బిల్లు. చెల్లింపు మార్గాలు మారినప్పుడు చరిత్ర కూడా ముక్కలవుతుంది. 2024 జులైలో రిజర్వు బ్యాంకు నిబంధన కారణంగా ఫోన్‌పే వంటి యాప్‌లలో మన రాష్ట్ర కరెంటు బిల్లుల చెల్లింపు కొంతకాలం ఆగిపోయినప్పుడు, జనం సంస్థ వెబ్‌సైటుకో సొంత యాప్‌కో మారవలసి వచ్చింది. ఒకే ఏడాది చెల్లింపులు మూడు చోట్ల నమోదై ఉన్న ఇళ్లు ఎన్నో ఉంటాయి.

అన్ని కాగితాలనూ ఎల్లకాలం దాచమని నేను అనను, అది సాధ్యమూ కాదు. నెలవారీ బిల్లులను కనీసం అయిదారేళ్లు ఉంచి, ఆ తర్వాత ఏడాదికి ఒకటి, బకాయి లేదని చూపించేది ఉంచుకుంటే చాలు. లెక్క మొదలైన చోటు, మారిన చోటు, ముగిసిన చోటు చూపించే కాగితాలను మాత్రం ఎన్నటికీ వదలకూడదు. సర్వీసు తీసుకున్నప్పుడు కట్టిన డిపాజిట్ రసీదు అలాంటిది. ఆ డిపాజిట్‌పై చట్టంలోని 47వ సెక్షన్ ప్రకారం వడ్డీ కూడా రావాలి, కానీ డిపాజిట్ మొత్తం రికార్డులో తగ్గి ఉంటే వడ్డీ కూడా తగ్గుతుంది. మీటరు మార్చినప్పుడు పాత మీటరు ఆఖరి అంకె, కొత్త మీటరు మొదటి అంకె రాసిచ్చిన చీటీ, పేరు మార్పు పత్రం, గ్యాస్ కనెక్షన్ డిపాజిట్ వోచరు, అప్పు తీరిందన్న బ్యాంకు పత్రం కూడా ఈ కోవలోవే. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను విడదీసినప్పుడు రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి, పాలకొండ పార్వతీపురం మన్యంలోకి వెళ్లాయి. అక్కడివారి పాత పన్ను రసీదులపై ఒక జిల్లా, కొత్త డిమాండు నోటీసులపై మరో జిల్లా ఉంటాయి. ఇల్లు ఒక్కటేనని చెప్పగలిగేది ఇంటి పన్ను ఖాతాకు ఇచ్చే అసెస్‌మెంట్ నంబరే కాబట్టి, అది కనిపించే రసీదులను విడిగా పెట్టుకోవాలి.

బిల్లుపై అభ్యంతరం ఉన్నవారు సంస్థ అడిగిన మొత్తాన్ని గానీ, గడిచిన ఆరు నెలల సగటును గానీ, ఏది తక్కువైతే అది నిరసనతో కడితే, వివాదం తేలేదాకా కనెక్షన్ తీయకూడదని 56(1) సెక్షన్ చెబుతోంది. ఆ సగటును లెక్కకట్టి విద్యుత్ సంస్థ స్థానిక కార్యాలయమైన సెక్షన్ ఆఫీసులో చూపించాలంటే చేతిలో ఆరు బిల్లులుండాలి. కౌంటరు దగ్గర ఆగకుండా విశాఖపట్నంలోని వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార ఫోరం దాకా వెళ్లేవారికైతే అవే దరఖాస్తుకు జతపరచవలసిన పత్రాలు. ఇంత భారం ఇంటివారి మీదే ఎందుకు పడాలన్నది న్యాయమైన ప్రశ్న. లెక్క రాసేది సంస్థ, తప్పు చేసేదీ సంస్థే అయినప్పుడు, సర్వీసు మంజూరైన నాటి నుంచి రీడింగులు, చెల్లింపులు, మీటరు మార్పులు, డిపాజిట్లు మొత్తం చూపించే ఖాతా నకలును అడిగిన వారం రోజుల్లో ఉచితంగా ఇచ్చే బాధ్యత సంస్థకే ఉండాలి. పాత కాలానికి అదనపు బిల్లు వేసే ప్రతిసారీ ఆ కాలపు ఖాతా నకలును నోటీసుకు జతపరచాలని, జతపరచని నోటీసు చెల్లదని విద్యుత్ నియంత్రణ మండలి ఒక్క నిబంధన పెడితే, అలాంటి వివాదాల్లో సగం సెక్షన్ ఆఫీసులోనే తేలిపోతాయి.