తప్పంతా పొలానిదే

వ్యవసాయ సర్వేలు కాగితం వదిలి ట్యాబ్‌లోకి వచ్చాక, ఎక్కడ ఏ లెక్క తేడా వచ్చినా యాప్‌ని తిట్టడం అలవాటైపోయింది. ఐదేళ్లకోసారి జరిగే వ్యవసాయ గణన కూడా 2021-22 విడతలో ట్యాబ్‌లు, స్మార్ట్‌ఫోన్లు పట్టుకుంది. ఇక వెనక్కి పోయేది లేదు. బెంగళూరు మారతహళ్లిలో ఏసీ గదిలో కూర్చుని ఇలాంటి ఫారాలు తయారుచేసే వాళ్లలో నేనూ ఒకణ్ణి కాబట్టి బాధ్యతగా చెబుతున్నాను: తప్పు ఫారానిది కాదు, పొలానిది. మా ఫారం ఇప్పటికి ఏడో వెర్షన్‌కి వచ్చింది. పొలం ఇంకా తాతల నాటి మొదటి వెర్షన్ దగ్గరే ఉంది. (మాకు ఫీల్డ్ తెలీదని కొందరంటారు. ఏటా ఇక్కడి వ్యవసాయ విశ్వవిద్యాలయం జీకేవీకేలో కృషి మేళాకి వెళ్తాం. ట్రాక్టర్ ఎక్కి ఫొటో కూడా దిగాం.)

విస్తీర్ణం సంగతే చూడండి. ఫారంలో ఒకటే గడి: ఎకరాలు. అనంతపురం వైపు రైతు 1.20 అంటే ఎకరా 20 సెంట్లు. ఎకరాకి 100 సెంట్లు, కాబట్టి లెక్క సరిపోయింది. కోలారు వైపు రైతు కూడా, అదీ తెలుగులోనే, 1.20 అంటాడు. ఆయనది ఎకరా 20 గుంటలు. ఎకరాకి 40 గుంటలు, అంటే ఎకరన్నర. మా డేటాబేస్‌లో మాత్రం ఇద్దరూ సమానమే. భూసంస్కరణలు తేలేని సమానత్వాన్ని మేం ఒక్క చుక్కతో తెచ్చాం. పైగా కోలారులో ఎకరాకి దిగుబడి ఎక్కువని రిపోర్టు కూడా తయారైంది. నేల స్వభావం కారణం కావచ్చునట.

సర్వే నంబర్లది మరీ మొండితనం. ఫైలు దించుకుని ఎక్సెల్‌లో తెరవగానే 12-3 కాస్తా మార్చి 12 అయి కూర్చుంటుంది. పక్క సీటు అమ్మాయి కంప్యూటర్‌లో అదే పొలం డిసెంబరు 3. దీనికి పరిష్కారం ఎప్పుడో దొరికింది. ఎక్సెల్ తేదీలుగా మార్చేస్తోందని మనిషి జన్యువులకి పేర్లు పెట్టే కమిటీ 2020లో కొన్ని జన్యువుల పేర్లే మార్చేసింది. మార్చ్1 అనే జన్యువు ఇప్పుడు మార్చ్ఎఫ్1. ఒంట్లో ఉన్న జన్యువులే సర్దుకుపోయాయి, రెవెన్యూ శాఖకి ఏం రోగం?

పాతకాలం వాళ్లు ఎంత టైం వేస్ట్ చేసేవాళ్లో తలుచుకుంటే జాలేస్తుంది. 1975లో పటాన్‌చెరులోని మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ వాళ్లు మహబూబ్‌నగర్ జిల్లా ఔరేపల్లె, దోకూరు లాంటి ఊళ్లలో మనుషుల్ని కాపురం పెట్టించి, అవే ఇళ్ల గడప ఏళ్ల తరబడి తొక్కించి, కాగితాల మీద రాయించారు. ఏ ఇంట్లో ఏ గేదె ఈనిందో కూడా వాళ్లకి తెలిసేది. అదంతా దేనికండీ? మా కుర్రాడు వేపచెట్టు కింద కూర్చుని 84 ప్రశ్నల ఫారం 4 నిమిషాల్లో పూర్తిచేశాడు. టైం కూడా ట్యాబే నమోదు చేసింది, అబద్ధం కాదు. ఫారానికింత అని డబ్బులిస్తే మనిషికి ఎంత చురుకుదనం వస్తుందో!

ఇంతలో కదిరి వైపు నుంచి మా మామ కళ్లు చూపించుకుందామని, చిన్న మూటలో శెనక్కాయలు పట్టుకుని వచ్చాడు. రైతు ఇంటికే నడిచొస్తే వదులుకుంటామా? సోఫాలో కూర్చోబెట్టి, ఫారం తెరిచాను.

"ఏం పంట మామా?"

"శెనక్కాయ. మధ్య మధ్య కంది సాళ్లు. గట్టెంబడి అలసందలు, నాలుగు ఆముదం చెట్లు."

ఫారం ఒక్క పంటే ఒప్పుకుంటుంది. "వాటిల్లో ముఖ్యమైంది ఏది?"

"వానొస్తే శెనక్కాయ. రాకుంటే కంది."

చూశారా? ఎక్కడా నిలకడ లేదు. నేనే శెనక్కాయ నొక్కాను. రకం దగ్గర జాబితాలో కె6, కదిరి 6, కదిరి-6 అని మూడున్నాయి. కదిరి నుంచి వచ్చిన మనిషే కదిరి 6 ఏదో తేల్చుకోలేక కళ్లద్దాలు తుడుచుకున్నాడు. తర్వాత దిగుబడి.

"ఇంకా పీకందే దిగుబడేంది అల్లుడూ?"

అది ఎర్ర చుక్క గడి, నింపకుండా ముందుకు పోనివ్వదు. సున్నా వేస్తే చెల్లదంది. 'తెలియదు' అనడానికి మా కోడ్ 99, అదే వేశాను. స్క్రీన్ మీద పచ్చగా వెలిగింది: 99 క్వింటాళ్లు. మామ కాసేపు దాన్నే చూసి, గొంతు తగ్గించి, "రాసుకుంటే రాసుకో గానీ మీ అత్తకి చెప్పాకు," అన్నాడు.

చివరికి లొకేషన్. పొలంలో నిలబడి నొక్కాలి. మేమేమో మూడో అంతస్తులో ఉన్నాం. నొక్కాను. నొక్కకపోతే అక్షాంశం సున్నా, రేఖాంశం సున్నా పడుతుంది, అది ఆఫ్రికా పక్కన సముద్రంలో తేలుతుంది. అక్కడ మా రైతులు ఇప్పటికే కొందరున్నారు.

ఒక్కటే మర్చిపోయాను, టెస్ట్ అని టిక్కు పెట్టడం. సోమవారం మీటింగ్‌లో మా మేనేజర్ గోడ మీద మ్యాప్ పెద్దది చేసి, మారతహళ్లి మధ్యలో మెరుస్తున్న పచ్చ చుక్క చూపించాడు. నాలుగెకరాల వేరుశనగ, 99 క్వింటాళ్లు. నగర వ్యవసాయం మీద విడిగా ఒక స్లైడు పెట్టమన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు, నేనూ కొట్టాను.

రాత్రి మామకి ఫోన్ చేసి, నీ చేను మా ఆఫీసు పక్కనే ఉందని తేలింది అని చెప్పాను. ఆయన నవ్వలేదు.

"అక్కడన్నా వాన పడిందా అల్లుడూ?" అన్నాడు.