మా అమ్మ స్విచ్చి ఆపేసింది. అయితే ఏమిటి?

నిన్న రాత్రి ఎనిమిదింపావుకు హైదరాబాదు నుంచి తమ్ముడి ఫోను. ఆ కంగారు వింటే ఇల్లు అంటుకుందేమో అనుకుంటారు ఎవరైనా. "అక్కా, అమ్మ మళ్లీ వైఫై ఆపేసింది, ఇంట్లో పెట్టించిన కెమెరాలో ఏమీ కనబడటం లేదు, నువ్వైనా చెప్పు!" నేనుండేది శ్రీకాకుళంలో. అమ్మ ఉండేది పలాస దగ్గర పల్లెలో. మధ్యలో డెబ్బై కిలోమీటర్ల పైనే దూరం. స్విచ్చి వేయడానికి ఆ రాత్రి బస్సెక్కాలి కాబోలు నేను.

అమ్మ పడుకునే ముందు ఇల్లంతా ఒకసారి తిరుగుతుంది. వంటింట్లో గ్యాసు కట్టేస్తుంది, పెరటి తలుపు గడియ లాగి చూస్తుంది, వరసగా స్విచ్చులన్నీ ఆపుతుంది. దూరంగా ఉరుము వినబడితే టీవీ ప్లగ్గు కూడా పీకేస్తుంది. నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఇదే వరస. "మనుషులు పడుకున్నాక ఆ పెట్టె ఎవరి కోసం వెలగాలే?" అని అడిగింది నన్ను. నా దగ్గర జవాబు లేదు. మీ దగ్గర ఉంటే మీ దగ్గరే ఉంచుకోండి.

వైఫై సంగతి వదిలేయవచ్చు. కానీ తమ్ముడు ఫోను పెట్టేస్తూ ఒక మాటన్నాడు. "ఈ పెద్దవాళ్లకు టెక్నాలజీ అర్థం కాదక్కా." అప్పటి నుంచి ఒళ్లు మండుతోంది నాకు.

అర్థం కాదట! కిరసనాయిలు స్టవ్వుకు పంపు కొట్టి, మంట ఎర్రబడితే పిన్నుతో కన్నం పొడిచి, మళ్లీ నీలంగా వచ్చేదాకా దాని ముందు కూర్చుని నీకు అన్నం వండిపెట్టింది ఎవర్రా? ఆ స్టవ్వు నీ చేతికిస్తే వీధి వీధంతా తగలబెడతావు. మా వీధిలోకి గ్యాసు వచ్చిన కొత్తలో సిలిండరుకు రెగ్యులేటరు బిగించడం సగం మందికి అమ్మే నేర్పింది. ఎవరినీ "నీకు అర్థం కాదులే" అనలేదు.

ఓటీపీ సంగతి వినండి. "ఓటీపీ ఎవరికీ చెప్పకూడదమ్మా, కన్నకొడుకు అడిగినా చెప్పకు" అని పాఠం చెప్పింది వీడే. రెండు నెలలు తిరగకముందే బ్యాంకు ఖాతాలో ఏదో సరిచేయాలని వీడే ఫోను చేసి, "అమ్మా, ఇప్పుడొక నంబరు వస్తుంది, చదువు" అన్నాడు. అమ్మ చదవలేదు. "కన్నకొడుకు అడిగినా వద్దన్నావు కదరా" అంది. వాడికి కోపం ముంచుకొచ్చింది. నాకైతే ఆ రోజు అమ్మకు దిష్టి తీయాలనిపించింది.

అమ్మ నయం. మా వీధి చివర పిన్ని ఒకావిడ ఉంది, ముప్పై ఏళ్లు జీడిపిక్కలు కొట్టింది. ఆ పెంకులోంచి కారే నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. ఆవిడ వేళ్ల చివర్లు నల్లగా, నున్నగా అయిపోయాయి, గీత అన్నది మిగల్లేదు. నెలనెలా ఒకటో తారీఖున 4,000 రూపాయల పింఛను కోసం ఆ వేళ్లను మిషను మీద పెట్టాలి. బొటనవేలు పెట్టింది, చూపుడువేలు పెట్టింది, చీర చెంగుతో తుడిచి మళ్లీ పెట్టింది. మిషను ఎర్రగా వెలుగుతూనే ఉంది. పక్కన నిలబడ్డ కుర్రాడొకడు, "చేతులు శుభ్రంగా కడుక్కుని రావచ్చు కదా మామ్మా" అన్నాడు. మీరు ఫొటోలు తీసి పెట్టుకునే జీడిపప్పు ఉప్మా ఉంది చూడండి, అందులో పప్పు ఆ చేతుల మీదుగా వచ్చిందే బాబూ.

నేనూ ఏమంత తక్కువ తినలేదు. అమ్మ ఫోనులో ఏదో వెతుక్కుంటూ ఉంటే "ఇటివ్వు, నేను చేస్తాను" అని లాక్కున్న రోజులున్నాయి. ఇప్పుడు మా అమ్మాయి నా చేతిలోంచి లాక్కుంటోంది. బాగా అయింది నాకు.

సరే, ఎలాగూ నోరు విప్పాను కాబట్టి అసలు సంగతి చెప్పేస్తాను. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస పక్కనే తీరం దాటింది. ఉద్దానంలో కొబ్బరి, జీడి మామిడి తోటలు పడుకుండిపోయాయి. మా పెరట్లో తాతగారి కాలం నాటి కొబ్బరి చెట్లు ఏడు కూలాయి. కరెంటు లేదు, సిగ్నలు లేదు. మా స్మార్టు ఫోన్లన్నీ చచ్చి ఊరుకున్నాయి. అమ్మ పాత ట్రాన్సిస్టరులో సెల్లులు వేసి వార్తలు పెడితే వీధి వీధంతా మా అరుగు మీద చేరింది. తమ్ముడు వచ్చింది నాలుగో వారంలో. ఏం తెచ్చాడనుకున్నారు? పవర్ బ్యాంకు. కూలిన చెట్లకు ఫొటోలు తీసి బంధువుల గ్రూపులో పెట్టాడు. ఒక్క కొబ్బరి మట్ట పక్కకు లాగలేదు.

ఆ తర్వాత అమ్మ బావి గట్టు దగ్గర జారిపడితే, మనిషి రావడానికి బదులు కెమెరా వచ్చింది. "రోజూ చూసుకుంటానక్కా" అన్నాడు. చూస్తున్నాడు, కాదనను. ఒకరోజు అమ్మ నడవాలో కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తోంది. గోడ మీది కెమెరాలోంచి "ఫ్యాను వేసుకో అమ్మా!" అని అరిచాడు. చేట బోర్లాపడింది, అమ్మ గుండె పట్టుకుంది. ఇప్పుడు చీర మార్చుకునేటప్పుడల్లా దాని మీద తువ్వాలు కప్పుతోంది. సొంత ఇంట్లో!

తమ్ముడూ, నువ్వు ఇది చదువుతావని తెలుసు, చదవాలనే రాశాను. స్విచ్చి వేయమని నేను అమ్మకు చెప్పలేదు, చెప్పను కూడా. రైలు టిక్కెట్లు అరవై రోజుల ముందు నుంచే ఇస్తారు, సంక్రాంతికి పలాస దాకా చేయించుకో. నీకు తీరిక లేకపోతే నేనే చేసిపెడతాను. ఓటీపీ మాత్రం నువ్వు చెప్పాలి.